మమ్మల్ని నియంత్రించండి మహాప్రభో!

ప్రభుత్వం కంట పడకుండా బతకాలని కోరుకోవడం మన జాతీయ లక్షణం. స్థలం కొన్నవాడు కాగితాల్లో విలువ ఎంత తగ్గించి చూపిద్దామా అని చూస్తాడు. అనుమతి లేకుండా ఇంకో అంతస్తు లేపినవాడు, టౌన్ ప్లానింగ్ వాళ్ల జీపు మన సందులోకి రాకపోతే చాలు స్వామీ అని తిరుపతికి మొక్కుకుంటాడు. హోటలు పెట్టినవాడికి ఫుడ్ ఇన్‌స్పెక్టర్ పేరు చెబితే టెన్షన్. ఇదంతా సహజం. ఇలా బతకడం చేతకాని వాళ్లే వింతగా కనిపిస్తారు.

అలాంటి వింత మనుషులు దేశంలో లక్షల్లో ఉన్నారన్న సంగతి ఈమధ్య నన్ను బాగా కలవరపెడుతోంది. ఫిజియోథెరపిస్టులు, ల్యాబ్ టెక్నీషియన్లు, ఎక్స్‌రే తీసేవాళ్లు, డయాలసిస్ చేసేవాళ్లు, ఆపరేషన్ థియేటర్లో మత్తు డాక్టరు పక్కన నిలబడేవాళ్లు, కళ్లు పరీక్ష చేసేవాళ్లు. వీళ్లంతా వినతిపత్రాలు చేతపట్టుకుని ఏళ్ల తరబడి తిరుగుతున్నారు. ఏమిటయ్యా మీ బాధ అంటే, జీతం సంగతి తర్వాత, ముందు మమ్మల్ని నియంత్రించండి అంటారు. మా పేర్లు ఒక పుస్తకంలో రాసుకోండి, ఫీజు తీసుకోండి, మా చదువు అసలుదో కాదో చూడండి, తప్పు చేస్తే విచారణ పెట్టండి, మరీ పెద్ద తప్పయితే పేరు కొట్టేసి ఇంటికి పంపండి అని బతిమాలుతున్నారు.

విన్నారా? తమ పేరు కొట్టేసే అధికారం ఎవరికైనా ఇవ్వండి అని తామే అడుగుతున్నారు. ఏ కాంట్రాక్టరైనా ఇలా అడిగాడా? ఏ కార్పొరేట్ కాలేజీ యాజమాన్యమైనా అడిగిందా? ఎమ్మెల్యేల సంగతి నేనసలు ఎత్తను.

ఇలాంటి అర్జీ వచ్చినప్పుడు ఏ బాధ్యత గల ప్రభుత్వమైనా చేయాల్సిన పనే మన ప్రభుత్వాలు చేశాయి. ఆలోచించాయి. పారామెడికల్, ఫిజియోథెరపీ కేంద్ర మండళ్ల బిల్లు 2007 డిసెంబరులో లోక్‌సభ ముందుకొచ్చింది. సభ రద్దవడంతో అది మురిగిపోయింది. 2018 చివరి రోజున, సరిగ్గా డిసెంబరు 31న, ఇంకో బిల్లు రాజ్యసభకు వచ్చింది. కొత్త సంవత్సరం తీర్మానాలకు సాధారణంగా ఏ గతి పడుతుందో దానికీ అదే పట్టింది. దాన్ని వెనక్కి తీసుకుని 2020లో మరొకటి తెచ్చారు. చివరికి 2021 మార్చిలో జాతీయ అనుబంధ ఆరోగ్య వృత్తుల కమిషన్ చట్టం పార్లమెంటు దాటింది. పది విభాగాలు, యాభైకి పైగా వృత్తులు. డాక్టరు, నర్సు, ఫార్మసిస్టు కాకుండా ఆస్పత్రిలో మనల్ని ముట్టుకునే చెయ్యి ఏదైనా దాదాపు అందులో ఉంటుంది.

ఈ చట్టం ప్రకారం అనుబంధ ఆరోగ్య నిపుణుడు అనిపించుకోవాలంటే కనీసం 2000 గంటల చదువు ఉండాలి. ఇంకో మెట్టు పైన, ఆరోగ్య నిపుణుడు అనిపించుకోవాలంటే 3600 గంటలు. బాగానే ఉంది. మొదటి బిల్లు వచ్చిన రోజు నుంచి చట్టం పార్లమెంటు దాటిన రోజు దాకా ఎన్ని గంటలైందో నేనూ లెక్కేశాను. లక్షా పదహారు వేల పైచిలుకు. పదహారు పడింది కాబట్టి శుభసూచకంగానే తీసుకోవాలి.

నర్సులకు 1947లోనే చట్టం వచ్చింది. ఫార్మసిస్టులకు, పళ్ల డాక్టర్లకు 1948లో వచ్చింది. అప్పటికి దేశానికి రాజ్యాంగం కూడా లేదు, అయినా మందులిచ్చే మనిషి పేరు రాసిపెట్టుకోవాలని తోచింది. ఆ తర్వాత డెబ్బై ఏళ్లకు పైగా రక్తం తీసేవాడి పేరు రాసుకోవాలని కేంద్రానికి తోచకపోవడాన్ని కొందరు నిర్లక్ష్యం అంటారు. నేనలా అనను. రక్తం తీసేవాడు ఎటూ చీటీ మీద పేషెంటు పేరు రాస్తాడు కదా, ఒక పేరు చాల్లే అనుకుని ఉంటారు.

అసలు పేర్లు రాయడం మన ప్రభుత్వానికి చేతకాదని ఎవరైనా అంటే నేను గట్టిగా ఖండిస్తాను. ఎక్స్‌రే గదినే చూడండి. ఆ యంత్రానికి అణుశక్తి నియంత్రణ మండలి అనుమతి ఉండాలి. ఆన్‌లైన్‌లో దరఖాస్తు, కాగితాలు, నంబరు అన్నీ ఉంటాయి. గోడ మందం ఎంతో, తలుపుకి సీసం రేకు ఉందో లేదో చూస్తారు. లోపల పనిచేసే రేడియోగ్రాఫర్ చొక్కాకి ఒక చిన్న బ్యాడ్జి తగిలించి ఉంటుంది. చాలామంది దాన్ని ఐడీ కార్డు అనుకుంటారు. కాదు. ఆయన ఒంటికి ఎంత రేడియేషన్ తగిలిందో పట్టుకునే బిళ్ల అది. మూడు నెలలకోసారి విప్పి లెక్క చూడ్డానికి పంపుతారు. ఆ లెక్కలన్నీ దాచడానికి బాబా అణు పరిశోధన కేంద్రంలో జాతీయ స్థాయి రిజిస్ట్రీయే ఉంది.

అంటే యంత్రం రిజిస్టరైంది. ఆయన ఒంట్లోకి వెళ్లిన కిరణాలు కూడా జాతీయ స్థాయిలో రిజిస్టరయ్యాయి. ఈ రెంటికీ మధ్య ఉన్న మనిషిని వృత్తినిపుణుడిగా రాసుకునే జాతీయ పుస్తకమే 2021 దాకా చట్టంలో లేదు. ఇంత సూక్ష్మంగా పనిచేసే వ్యవస్థ ఆయన్ని మరిచిపోయిందంటే నేను నమ్మను. వినయం నేర్పడానికే అలా చేసి ఉంటారు.

మన రాష్ట్రం ఏమీ చేయలేదని కూడా అనకూడదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2006లోనే పారామెడికల్ బోర్డు చట్టం చేశారు. 2014లో రాష్ట్రంతో పాటు బోర్డూ రెండైంది. కర్నూలు టెక్నీషియన్‌కి ఒకటి, తుంగభద్ర దాటితే మహబూబ్‌నగర్ టెక్నీషియన్‌కి ఇంకొకటి. పేషెంటు రక్తం మాత్రం రెండు వైపులా ఒకటే రంగు.

చట్టం వచ్చాక ఏమైందంటారా? ఆర్నెల్లలోపు ప్రతి రాష్ట్రమూ ఈ పేర్లు రాసుకునే కౌన్సిల్ పెట్టాలని అందులో రాశారు. ఆర్నెల్లంటే మన పరిపాలనలో దాని అర్థం ఏమిటో రాసినవాళ్లకీ తెలుసు, చదివినవాళ్లకీ తెలుసు. తెలియనిది టెక్నీషియన్లకే. పాపం, వాళ్లు నిజంగానే క్యాలెండర్ చూసుకుంటూ కూర్చున్నారు. రెండేళ్లు చూసి సుప్రీంకోర్టుకెళ్లారు. 2024 ఆగస్టులో కోర్టు ఆరా తీస్తే 14 రాష్ట్రాలు కౌన్సిళ్లయితే పెట్టాయి గానీ అవి పనిచేయడం లేదని తేలింది. కౌన్సిల్ పెట్టమన్నారు, పెట్టాం. పనిచేయాలని ముందే చెబితే వేరే సంగతి. అక్టోబరు 12 లోపు చట్టాన్ని అమలు చేసి తీరాలని కోర్టు గడువు పెట్టింది. గడువు మీద గడువు! డయాలసిస్ టెక్నీషియన్లకు ఇందులో కొత్తేమీ కనబడి ఉండదు. వాళ్ల పేషెంట్లు బతికేదే ఆ లెక్కన.

డయాలసిస్ అన్నాను కాబట్టి శ్రీకాకుళం జిల్లా ఉద్దానం వైపు ఒకసారి వెళ్లొద్దాం. అక్కడ కిడ్నీ జబ్బు ఇంటింటికీ చుట్టమైంది. సోంపేటలోనో పలాసలోనో డయాలసిస్ మంచం పక్కన టెక్నీషియన్ చేసే పని చూడండి. ముందు పేషెంటు బరువు చూస్తాడు, పోయినసారి కన్నా ఎంత నీరు పెరిగిందో లెక్కేస్తాడు. డయాలసిస్ కోసం ఆపరేషన్ చేసి ధమనినీ సిరనూ కలిపిన చోట చేతి మీద ఉబ్బిన ఫిస్టులా మీద వేలు పెట్టి, లోపల రక్తం ఝుమ్మని కదులుతోందో లేదో చూస్తాడు. ఆ కదలిక తెలియకపోతే సూది గుచ్చడు. తెలిస్తే రెండు సూదులు, ఒకటి రక్తం బయటికి తీయడానికి, ఇంకొకటి లోపలికి పంపడానికి. తర్వాత నాలుగు గంటలు బీపీ చూస్తూ ఉండాలి, పడిపోతే కాళ్లెత్తి సెలైన్ పెట్టాలి. ఇలా వారానికి రెండు మూడుసార్లు. ఆ పేషెంటు తన కన్నకొడుకు మొహం కంటే ఈ అబ్బాయి మొహమే ఎక్కువసార్లు చూస్తాడు.

ఈ అబ్బాయికి పెళ్లిచూపులు.

"అబ్బాయి ఏం చేస్తాడండీ?"

"హాస్పిటల్లోనేనండీ. డయాలసిస్."

"ఓహో, డాక్టరుగారా!"

"కాదండీ."

"మరి, నర్సా?"

"కాదండీ, టెక్నీషియన్."

"అంటే ఏసీలవీ బాగుచేస్తాడా బాబూ?"

ఈ సంభాషణ ఒక్క రిజిస్ట్రేషన్ నంబరుతో ఆగిపోతుందని వృత్తి సంఘాల వాళ్ల నమ్మకం. అమాయకులు. పెళ్లిళ్ల పేరయ్యలు ఏ కౌన్సిల్ పరిధిలోకీ రారు.

కొందరు ఇక్కడ వేగలేక గల్ఫ్‌కో ఇంగ్లండ్‌కో బయల్దేరుతారు. అక్కడికెళ్తే ఇంకో అవమానం. ఇంగ్లండ్‌లో రేడియోగ్రాఫర్ అయినా ఫిజియోథెరపిస్టు అయినా, పేరు కొట్టి ఎవరైనా ఆన్‌లైన్ రిజిస్టరులో వెతుక్కోవచ్చు. అంత బహిరంగంగా బతుకుతారు వాళ్లు, ప్రైవసీ అనేదే లేదు. మన కుర్రాడు దరఖాస్తు పెడితే, నీ సొంత దేశపు నియంత్రణ సంస్థ నుంచి నీ మీద ఫిర్యాదులేవీ లేవని ఒక కాగితం తెమ్మంటారు. పాపం, అతను ఏదో ఒక ఆఫీసుకి వెళ్లి నిలబడతాడు.

"సార్, నేను మంచివాణ్నని ఒక సర్టిఫికెట్ కావాలి."

"నువ్వెవరో మాకు తెలిస్తే కదమ్మా, మంచివాడివో కాదో చెప్పడానికి."

ఇంతకన్నా న్యాయమైన జవాబు ఏ గుమాస్తా అయినా ఇవ్వగలడా? అదీ కాక, మన రికార్డు చూసి ఆ దేశాలే సిగ్గుపడాలి. స్వాతంత్ర్యం వచ్చిన దగ్గర్నుంచి 2021 వరకు జాతీయ రిజిస్టరు నుంచి పేరు కొట్టేయించుకున్న ల్యాబ్ టెక్నీషియన్ ఈ దేశంలో ఒక్కడు లేడు. ఒక్కడంటే ఒక్కడు! రిపోర్టులు మారిపోయిన పేషెంట్లు, మెడ పట్టేస్తే మసాజ్ చేయించుకుని మంచం పట్టినవాళ్లు ఎక్కడికెళ్లి ఫిర్యాదు చేయాలో తెలియక ఇంటికి పోయి పడుకున్నారు. అందువల్ల ఫిర్యాదులూ లేవు. రిజిస్టరు పెట్టామా, ఈ మచ్చలేని చరిత్ర మసకబారుతుంది.

ఇవన్నీ చదువుకున్నవాళ్ల తిప్పలు. చదువుకోనివాళ్లు ఎంత నిబ్బరంగా ఉన్నారో చూస్తే బుద్ధొస్తుంది. ఏ రిజిస్టరులోనూ లేని ఆర్‌ఎంపీ డాక్టరుగారు మన ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. సెలైన్ స్టాండు, బల్ల, గోడకి బోర్డు, తలుపు దగ్గర చెప్పుల వరుస. అర్ధరాత్రి తలుపు కొట్టినా లేచి వస్తాడు, ఇది ఒప్పుకోవాల్సిందే. ఆయన కూడా గుర్తింపు అడుగుతాడు, ఎన్నికల ముందు హామీ కూడా అందుకుంటాడు. రాజశేఖరరెడ్డి హయాంలో శిక్షణ ఇచ్చి సర్టిఫికెట్లిస్తామన్న కబురు కూడా విన్నాడు. కానీ గుర్తింపు వచ్చేదాకా సూది వేయనని ఏనాడైనా అన్నాడా? ఆర్నెల్ల ఇంటర్న్‌షిప్‌తో కలిపి నాలుగున్నరేళ్లు చదివిన ఫిజియోథెరపిస్టు మాత్రం నా పేరు ఎక్కడ రాశారు, నా నంబరెంత అని అడుగుతూ కూర్చుంటాడు. తెలంగాణలో అనుమతి లేని లేఅవుట్లో ప్లాటు కొన్నవాడికి సైతం ఎల్‌ఆర్‌ఎస్ అని ఒక పథకం తెచ్చారు, డబ్బు కట్టి క్రమబద్ధం చేసుకోమన్నారు. ముందునుంచీ క్రమంగానే ఉన్నవాణ్ని క్రమబద్ధం చేయడం ఏ శాఖకైనా కష్టమే.

అయితే ప్రభుత్వానికి వేగం లేదని మాత్రం అనకండి. 2025లో కమిషన్ కొత్త సిలబస్ తెచ్చింది. ఫిజియోథెరపిస్టులు పేరుకు ముందు డాక్టర్ అనీ, చివర ఫిజియోథెరపిస్టు అనడానికి గుర్తుగా పీటీ అనీ పెట్టుకోవచ్చని అందులో ఉంది. డాక్టర్ల సంఘాలు భగ్గుమన్నాయి. మోకాళ్ల నొప్పుల మీద రానంత వేడి ఆ రెండక్షరాల మీద వచ్చింది. సెప్టెంబరు 9న కేంద్ర ఆరోగ్య సేవల డైరెక్టరేట్ జనరల్ నుంచి ఉత్తరం వచ్చింది, డాక్టర్ అని పెట్టుకోవడం 1916 నాటి చట్టానికి విరుద్ధమని. 1916! బ్రిటిష్ వాళ్ల చట్టం ఎంత చురుగ్గా గుర్తొచ్చిందో చూడండి. సెప్టెంబరు 10న ఇంకో ఉత్తరం, నిన్నటి ఉత్తరాన్ని వెనక్కి తీసుకుంటున్నామని. ఇరవైనాలుగ్గంటల్లో ఒక నిర్ణయం, దాని రద్దు. కౌన్సిళ్ల విషయంలో ఏళ్లు పట్టిన యంత్రాంగమే ఇది.

కాబట్టి టెక్నీషియన్ల సంఘాలకు నా ఉచిత సలహా ఒకటుంది. రిజిస్టరు కావాలి, కౌన్సిల్ కావాలి అని అడక్కండి, ఆ ఫైలు ఎవరూ తెరవరు. రేపటి నుంచి మేమందరం పేరుకు ముందు డాక్టర్ అని పెట్టుకుంటున్నాం అని ఒక్క ఉత్తరం పంపండి. మర్నాడు పొద్దున్నకల్లా ఢిల్లీ నుంచి జవాబొస్తుంది. ఎవరెవరు, ఏ ఊరు, ఏ ఆస్పత్రి, ఏం చదివారు అన్న వివరాలతో మీ అందరి జాబితా వెంటనే పంపమని అడుగుతారు. పంపేముందు ఒక జిరాక్స్ తీసి పెట్టుకోండి. మీ జాతీయ రిజిస్టరు అదే.