నేతిబీరకాయలో నెయ్యి, ఛేజ్ బ్యాంకులో ఛేజ్

ఈ నెలలో ఆ మెసేజ్ నాకు ఐదుసార్లు వచ్చింది. మొదట డాలస్‌లో ఉండే మా బావమరిది పంపాడు. తర్వాత మా రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగుల గ్రూపులో ఇద్దరు. ఆ తర్వాత పొద్దున నాతో పాటు వాకింగ్‌కి వచ్చే లాయరు గారు. నిన్న మా మేనకోడలు "మామయ్యా, ఇది నీకు బాగా నచ్చుతుంది" అని రాసి మరీ పంపింది. నచ్చలేదమ్మా.

మెసేజ్ ఇంకా చేరని అదృష్టవంతుల కోసం అందులో ఏముందో చెబుతాను. శీర్షిక "శత్రువుకు సింహాసనం ఇచ్చిన లింకన్". సాల్మన్ ఛేజ్ అనే అనాథ కుర్రాడు కింది కోర్టు నుంచి మెట్టు మెట్టుగా ఎదిగాడట. ఛేజ్ బ్యాంకు పెట్టింది ఆయనేనట. అమెరికా నాణేల మీద ఉండే "దేవుణ్ణి నమ్ముతాం" అన్న మాట ఆయనదేనట. నిజాయితీకి మెచ్చి పదివేల డాలర్ల నోటు మీద ఆయన బొమ్మ వేశారట. తన మీద కుట్ర చేసిన మనిషినే లింకన్ పెద్దమనసుతో చీఫ్ జస్టిస్‌ని చేశాడట. నల్లగౌను వేసుకున్న రోజు నుంచి ఆయన రాజకీయాల వైపు కన్నెత్తి చూడలేదట. ఒక్క ఓటుతో ప్రెసిడెంట్ జాన్సన్ పదవి నిలబెట్టాడట. తాను అచ్చు వేయించిన నోట్లు చెల్లవని తానే తీర్పు రాశాడట. చివర "మన జడ్జీలు చూసి నేర్చుకోవాలి, పది మందికి పంపండి" అని జోడించిన చేతుల బొమ్మ.

చిల్లర సంగతులు ముందు తేల్చేస్తాను.

అనాథ కాదు. 9 ఏళ్లప్పుడు తండ్రి పోయాడు, నిజమే. తల్లి ఉంది. ఒక బాబాయి ఒహాయోలో బిషప్, ఇంకో బాబాయి వెర్మాంట్ నుంచి సెనేటర్. అలాంటి అనాథలు మన ఊళ్లలోనూ చాలామంది ఉన్నారు, అందరూ బాగానే సెటిలయ్యారు.

కింది కోర్టు నుంచి ఎదగలేదు. 1864 డిసెంబరులో చీఫ్ జస్టిస్ అయ్యేదాకా ఆయన ఏ కోర్టులోనూ జడ్జిగా కూర్చోలేదు. సిన్సినాటిలో లాయరు, తర్వాత సెనేటర్, ఒహాయో గవర్నరు, లింకన్ దగ్గర ఆర్థికమంత్రి. ఆయన ఎక్కిన మెట్లన్నీ రాజకీయాలవే.

ఛేజ్ బ్యాంకు 1877లో జాన్ థాంప్సన్ పెట్టాడు. ఛేజ్ గారు 1873లోనే పోయారు. పోయిన నాలుగేళ్లకు లేచొచ్చి బ్యాంకు పెట్టాడంటే నేనూ చేతులు జోడిస్తాను. గౌరవంగా ఆయన పేరు పెట్టుకున్నారు, అంతే. నేతిబీరకాయలో నెయ్యి ఎంతో ఛేజ్ బ్యాంకులో ఛేజ్ అంత. మా బావమరిది మాత్రం కార్డు గీకినప్పుడల్లా ఆ మహానుభావుణ్ణి తలుచుకుంటున్నాడట. మంచిదే, బిల్లు కూడా ఆయనే కడితే ఇంకా బాగుండేది.

నాణెం మాట ముప్పాతిక నిజం. దేవుడి ప్రస్తావన ఉండాలని 1861లో పెన్సిల్వేనియా నుంచి ఒక పాస్టరు గారు ఉత్తరం రాశారు. టంకశాలకు ఆదేశమిచ్చి, వాళ్లు పంపిన మాటల్ని దిద్ది, ఇప్పుడున్న రూపానికి తెచ్చింది ఛేజే. 1864లో రెండు సెంట్ల నాణెం మీద మొదట పడింది. ఇది ఆయన ఖాతాలో వేసుకోవచ్చు.

జాన్సన్ అభిశంసనలో "ఒక్క ఓటు" ఛేజ్‌ది కాదు. 1868లో సెనేటు విచారణకు ఆయన అధ్యక్షత వహించాడు. దోషి అన్నవాళ్లు 35, కాదన్నవాళ్లు 19. కావలసింది 36. ఆ తీర్పు సెనేటర్లది. మధ్యలో సభ సమానంగా చీలినప్పుడు విధివిధానాల మీద ఆయన ఓటు వేసిన మాట వాస్తవమే. మెసేజ్ రాసినవాడు దాన్నీ దీన్నీ కలిపి పులుసు పెట్టాడు.

నోటు మీద బొమ్మ సంగతి కొంచెం చెప్పాలి. ముప్పై ఏళ్లు క్యాష్ కౌంటరు చూసినవాణ్ణి, ఇది వదల్లేను. పదివేల డాలర్ల నోటు మీద ఆయన బొమ్మ ఉన్నమాట నిజం. కానీ అది ఆయన పోయిన చాలా ఏళ్లకు వేసింది. ఆయన బతికుండగా వచ్చిన బొమ్మ 1862 నాటి ఒక డాలరు నోటు మీద. అప్పుడు ఆర్థికమంత్రి ఎవరు? ఆయనే. తన శాఖ వేసే నోటు మీద తన ముఖమే. దాన్ని "దేశం ఇచ్చిన గౌరవం" అనడం ఎలా ఉందంటే, పెళ్లికొడుకే శుభలేఖ మీద తన పేరు పక్కన "మహానుభావుడు" అని రాయించుకున్నట్టు ఉంది. ఒక డాలరు నోటే ఎందుకంటే ప్రతి చేతిలోకీ వెళ్లేది అదే కదా. 1864 ఎన్నికలు ఎంతో దూరంలో లేవు.

ఇక లింకన్ పెద్దమనసు. ఛేజ్‌కి ప్రెసిడెంటు కావాలని 1856 నుంచీ ఉంది. 1860లో రిపబ్లికన్ పార్టీ అభ్యర్థిని ఎంచుకునే షికాగో సభలో మొదటి రౌండులో 49 ఓట్లు వచ్చాయి. లింకన్ కేబినెట్లో ఉంటూనే 1864లో లింకన్‌కి పోటీగా తయారయ్యాడు. లింకన్ వద్దు, ఛేజ్ కావాలని సెనేటర్ పామెరాయ్ పేరుతో రహస్య కరపత్రం బయటపడితే నాకేం తెలియదన్నాడు. దీనికి లింకన్ చెప్పిన కథ ఒకటి ప్రచారంలో ఉంది. చిన్నప్పుడు వాళ్ల పొలంలో బద్ధకపు గుర్రం ఒకరోజు పరుగు పెడుతోందట. చూస్తే దాన్ని జోరీగ కుడుతోంది. లింకన్ దాన్ని కొట్టి పడేస్తే తమ్ముడు "అయ్యో, అది ఉండబట్టేగా గుర్రం నడుస్తోంది" అన్నాడట. ఛేజ్‌ని కుడుతున్నది ప్రెసిడెంటు పదవి అనే జోరీగ, దానివల్ల ఆర్థిక శాఖ బాగా నడుస్తోంది, నాకెందుకు దాన్ని కొట్టడం అని లింకన్ భావం.

పని నడిచినన్నాళ్లు ఉంచుకున్నాడు. న్యూయార్క్ ట్రెజరీలో ఒక నియామకం మీద గొడవై, మాటిమాటికీ రాజీనామా చూపించే అలవాటున్న ఛేజ్ 1864 జూన్ ఆఖర్లో మరోసారి చూపిస్తే, లింకన్ ఈసారి తీసేసుకున్నాడు. అక్టోబరు 12న చీఫ్ జస్టిస్ టేనీ పోయాడు. లింకన్ వెంటనే ఛేజ్‌ని పిలిచి కావలించుకున్నాడా? లేదు. నవంబరు ఎన్నిక అయ్యేదాకా నోరు విప్పలేదు. ఆ మధ్యలో ఛేజ్ ఊరూరా తిరిగి లింకన్‌కి ప్రచారం చేశాడు. గెలిచాక డిసెంబరు 6న పేరు పంపాడు, సెనేటు అదే రోజు ఒప్పుకుంది. మన వైపు దీన్ని పొమ్మనలేక పొగబెట్టడం అంటారు, కాకపోతే ఇక్కడ పొగ బదులు సింహాసనం పెట్టారు. దానికి తోడు, బానిసల విముక్తి, యుద్ధానికి అచ్చు వేసిన కాగితపు నోట్లు, ఈ రెండూ కోర్టులో నిలబెట్టే మనిషి కావాలి. నోట్లు వేసిన మంత్రికంటే నమ్మకస్తుడు ఎవరుంటారు అనుకున్నాడు లింకన్. ఆ సంగతి కాసేపట్లో.

అసలు నాకు కోపం తెప్పించింది ఆరో పాయింటు. మా లాయరు గారు దీన్ని బార్ అసోసియేషన్ మీటింగులో చదువుతానన్నారు, అందుకే ఇంత పొడుగు రాస్తున్నాను. "నల్లగౌను వేసుకున్నాక రాజకీయాల వైపు కన్నెత్తి చూడలేదు." కన్నెత్తాలంటే ముందు దించాలి కదండీ! ఆయన దించిందెప్పుడు?

చీఫ్ జస్టిస్ అయిన ఆరు నెలల్లోపే, 1865 మేలో, ప్రభుత్వ ఓడ ఎక్కి దక్షిణాది రాష్ట్రాల టూరు వేశాడు. ఊరూరా సభల్లో మాట్లాడుతూ, లింకన్ తర్వాత వచ్చిన ప్రెసిడెంటు జాన్సన్‌కి ఏం చేయాలో ఉత్తరాలు రాస్తూ వెళ్లాడు. 1868లో ప్రెసిడెంటు మీద విచారణకు అధ్యక్షుడిగా కూర్చున్నాడు. ఆ కుర్చీలో ఉండగానే, తానే తర్వాతి ప్రెసిడెంటు కావాలనుకుంటున్నాడు. మే 26న విచారణ ముగిసింది. ఆ నెల ఆఖర్లోనే డెమొక్రాటిక్ పార్టీ చైర్మన్ బెల్మాంట్‌కి ఉత్తరం రాశాడు, నా భావాలు పాతికేళ్లుగా డెమొక్రాట్ భావాలేనని. రిపబ్లికన్ పార్టీని నిలబెట్టినవాళ్లలో ఒకడు, రిపబ్లికన్ టికెట్ మీద గవర్నరైనవాడు, రిపబ్లికన్ ప్రెసిడెంటు దగ్గర మంత్రి! ఏ ఎండకు ఆ గొడుగు అని ఊరికే అనలేదు.

జులైలో న్యూయార్క్‌లో డెమొక్రాట్ల మహాసభ. చీఫ్ జస్టిస్ గారు వాషింగ్టన్‌లో ఏమీ ఎరగనట్టు ఉన్నారు. కూతురు కేట్ న్యూయార్క్‌లో మకాం వేసి బేరాలు నడిపింది. ఆడవాళ్లను సభలోకి రానివ్వని రోజులు. బయట కూర్చునే తండ్రి ప్రచారమంతా మోసింది. ఫలితం? కాలిఫోర్నియా నుంచి అర ఓటు. తప్పు చదవలేదు, అర. 22వ రౌండులో సేమూర్‌కి టికెట్ ఇచ్చారు. అంతటితో ఆశ చచ్చిందా? 1870లో పక్షవాతం వచ్చింది, అయినా 1872లో మళ్లీ ఆశపడ్డాడు. అప్పుడు కూడా చీఫ్ జస్టిసే.

మన దగ్గర ఒక జడ్జి రిటైరయ్యాక పదవి తీసుకుంటే టీవీల్లో వారం రోజులు చర్చ. ఈయన రిటైరవ్వకుండా, ఆ కుర్చీలోనే కూర్చుని, రెండు ఎన్నికల్లో టికెట్ అడిగాడు. లాయరు గారూ, ఆయన్ని చూసి మన జడ్జీలు నేర్చుకోవాలా? నేర్చుకుంటే మీరే మళ్లీ ధర్నా చేయాలి. ఒహాయో సెనేటర్ బెన్ వేడ్ అన్నాడని చెప్పే మాట ఒకటుంది. ఛేజ్ మంచివాడే గానీ వేదాంతంలో చిన్న పొరపాటు ఉంది, తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ అనే క్రైస్తవుల త్రిత్వంలో నాలుగో వ్యక్తి కూడా ఉన్నాడని అనుకుంటాడు అని. ఆ నాలుగోది ఎవరో నేను చెప్పక్కర్లేదు.

నోట్ల తీర్పు దగ్గర నేనొక మెట్టు దిగాలి. 1870 ఫిబ్రవరి 7న, ఏడుగురిలో నలుగురి తరఫున, పాత అప్పులకు ఆ నోట్లు తీసుకోవాల్సిందేనని బలవంతం చేయడం రాజ్యాంగ విరుద్ధమని ఛేజ్ రాశాడు. తన ముఖం ఉన్న నోటునే! లింకన్ లెక్క అక్కడ తప్పింది. అదే రోజు ప్రెసిడెంట్ గ్రాంట్ ఇద్దరు కొత్త జడ్జీల పేర్లు పంపాడు. 1871 మేలో అయిదుగురికి నలుగురు తేడాతో ఆ తీర్పు తిరగబడింది, ఛేజ్ ఓడినవాళ్లలో మిగిలాడు. తాను మంత్రిగా చేసిన పని మీద తానే తీర్పు చెప్పడానికి కూర్చోవడం నాకు ఇప్పటికీ మింగుడు పడదు. పక్కకు తప్పుకోవాల్సింది. డెమొక్రాట్లను మెప్పించడానికే రాశాడని ఎగతాళి చేద్దామని మొదలుపెట్టాను కూడా. కానీ 1862లో ఆ చట్టం వచ్చేటప్పుడే ఆయన ఇష్టంలేకుండా, ఖజానా ఖాళీ అయి వేరే దారి లేక ఒప్పుకున్నాడు. బంగారం లేని కాగితం మీద ఆయనకు మొదటి నుంచీ నమ్మకం తక్కువ. కాబట్టి మెసేజ్‌లో ఈ ఒక్క లైను పూర్తిగా అబద్ధం అనలేను.

ఇంకోటి కూడా ఒప్పుకుంటాను. పదవి కోసం అన్ని గుమ్మాలూ తొక్కిన ఈ మనిషి, నల్లవాళ్ల విషయంలో మాత్రం గుమ్మం మార్చలేదు. యువకుడిగా సిన్సినాటిలో పారిపోయి వచ్చిన బానిసల తరఫున వాదించాడు. 1837లో మెటిల్డా కేసు ఓడాడు, 1847లో వాన్ జాండ్ట్ కేసు సుప్రీంకోర్టులో ఓడాడు. ఊళ్లో పేరున్న వ్యాపారులకు నచ్చని పని అది. 1845లో అక్కడి నల్లవాళ్లు చందాలేసుకుని వెండి కూజా బహుమతిగా ఇచ్చారు. 1868లో డెమొక్రాట్ల ముందు ఓటు హక్కు సంగతి రాష్ట్రాలకు వదిలేద్దామని మెత్తబడ్డాడు, నిజమే. కానీ ఓటు ఉండాలన్న మాట వెనక్కి తీసుకోలేదు, వాళ్లు దగ్గరికి రానివ్వకపోవడానికి అదొక పెద్ద కారణం. చీఫ్ జస్టిస్ అయిన కొద్ది వారాలకే, 1865 ఫిబ్రవరి 1న, జాన్ రాక్ అనే నల్లజాతి లాయరుకి సుప్రీంకోర్టులో వాదించే హక్కు ఆయన ముందే దక్కింది, అలాంటిది అదే మొదటిసారి. 1873లో, ప్రాణం పోవడానికి కొన్ని వారాల ముందు, మైరా బ్రాడ్‌వెల్ అనే ఆవిడ లాయరు కాకూడదని కోర్టంతా అంటే కాదన్నది ఆయనొక్కడే.

ఇంత సరుకు ఉండగా వదిలేసి, లేని బ్యాంకు పెట్టించారు పాపం.

బావమరిదీ, మళ్లీ పంపాలనుకుంటే పంపుకో. ఫొటో మాత్రం మార్చు. అందులో ఉన్నది ఛేజ్ కాదు, టేనీ. నల్లవాళ్లు అమెరికా పౌరులే కారని డ్రెడ్ స్కాట్ కేసులో తీర్పు రాసినాయన.