పాత ఫోన్‌తో పాటు ఏమేం ఇచ్చేస్తున్నాం?

పోయిన వేసవిలో మా వీధిలోకి బండి మీద మైకు పెట్టుకుని ఒకతను వచ్చాడు. పాడైన ఫోన్ ఏదిచ్చినా ప్లాస్టిక్ బకెట్ ఇస్తాడట. అమ్మ బీరువాలోంచి టచ్ పనిచేయని తన పాత ఫోన్ తీసుకుని గుమ్మం దాకా వెళ్లింది. ఆపాను. ఓటీజీ కేబుల్‌తో మౌస్ తగిలించి తెరిచి చూస్తే, గ్యాలరీలో ఆమె ఆధార్, బ్యాంకు పాస్‌బుక్ మొదటి పేజీ, నాన్న పింఛను కాగితాలు. కాంటాక్ట్స్‌లో 'ఏటీఎం' అన్న పేరు కింద నాలుగంకెలు. నాకు కాళ్లూచేతులూ ఆడలేదు.

ఇది లేనిపోని టెన్షన్ కాదు. 2024 ఆగస్టులో గోదావరిఖనిలో బిహార్‌కు చెందిన ముగ్గురిని రామగుండం సైబర్ క్రైమ్ పోలీసులు పట్టుకుంటే, సుమారు 4,000 పాత ఫోన్లు దొరికాయి. ఊళ్లు తిరిగి జనం దగ్గర సేకరించినవే. అవి సైబర్ నేరగాళ్ల చేతికి వెళ్తున్నాయని పోలీసులు చెప్పారు.

ఫోన్ పాడైందంటే మామూలుగా పోయేది డిస్‌ప్లేనో, బ్యాటరీనో. ఫొటోలుండే చిప్ చాలాసార్లు చెక్కుచెదరదు. పనిచేసే ఫోన్‌తో అంత బెంగ లేదు. ఈమధ్య వచ్చిన ఫోన్లలో డేటా అంతా తాళం వేసినట్టు ఎన్‌క్రిప్ట్ అయి ఉంటుంది. ఫ్యాక్టరీ రీసెట్ చేస్తే ఆ తాళంచెవే చెరిగిపోతుంది. మెమరీ కార్డు తీసేయడం మరిచిపోకూడదు, అంతే. కంప్యూటర్ హార్డ్ డిస్క్‌లో ఫైల్ డిలీట్ చేస్తే మాత్రం పుస్తకంలో విషయసూచిక చింపినట్టే, లోపలి పేజీలు అలాగే ఉంటాయి. అసలు చిక్కు ఆన్ కాని ఫోన్లతో. వాటిని రీసెట్ చేయలేం, బండివాడు ఏరుకునేదీ వాటినే.

'ఎవరి జాగ్రత్త వాళ్లు పడాలి' అనడం తేలిక. అమెరికాలో మోర్గాన్ స్టాన్లీ అంతటి పెద్ద ఆర్థిక సంస్థ పాత సర్వర్లు, హార్డ్ డిస్కులు తీసేసే పనిని డేటా చెరపడంలో అనుభవమే లేని ఒక సామాన్ల రవాణా కంపెనీకి అప్పగించింది. వాటిలో కొన్ని ఖాతాదారుల వివరాలతో సహా ఆన్‌లైన్ వేలంలో అమ్ముడుపోయాయి. 2022లో అక్కడి నియంత్రణ సంస్థ ఎస్‌ఈసీ 3.5 కోట్ల డాలర్ల జరిమానా వేసింది. వాళ్లకే చేతకానిది మా అమ్మ ఒక్కతే చూసుకోవాలా?

మన దేశంలో 2023 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఈ-వ్యర్థాల నిబంధనలు అమల్లో ఉన్నాయి. వాటి ప్రకారం కంపెనీలు చూపించాల్సిన రీసైక్లింగ్ సర్టిఫికెట్ల లెక్క బంగారం, రాగి, ఇనుము, అల్యూమినియం చుట్టూ తిరుగుతుంది. లోహం ఎంత తిరిగొచ్చిందో చూసేవాళ్లు, డేటా చెరిగిందో లేదో కూడా చూడాలి కదా. ఎక్స్ఛేంజ్ కౌంటర్‌లో మన కళ్లముందే చెరిపి రసీదు మీద రాసివ్వాలి. ఆన్ కాని ఫోన్‌లో చిప్‌ను అక్కడే నుజ్జు చేసే ఏర్పాటు కనీసం జిల్లాకొకటైనా ఉండాలి. ఆ ఖర్చు ఫోన్ అమ్మిన కంపెనీలే పెట్టుకోవాలని నా అభిప్రాయం.

అమ్మ ఫోన్ రీసెట్ చేసి కార్డు తీసేశాను. నాన్న పాత ఫోన్ అసలు ఆన్ కావడం లేదు. నమ్మి ఇచ్చే చోటు దొరక్క ఇంకా బీరువాలోనే ఉంచాం.