మహారాజశ్రీ డెబ్భై లీటర్ల బ్యాక్‌ప్యాక్ గారికి

అయ్యా,

షిల్లాంగ్‌లో ఒక చిన్న గదిలో, నేల మీద కూర్చుని తమరి సేవకుడు రాసుకుంటున్న విన్నపం. మంచం మీద తమరున్నారు కదా.

నిన్న మధ్యాహ్నం గౌహతి పల్టన్ బజార్‌లో జరిగింది తమరికీ తెలుసు. షిల్లాంగ్ వెళ్లే షేర్ సుమో పైన బస్తాలు ఎక్కించి టార్పాలిన్ కట్టేశారు. వాన మొదలైంది. వెనకాల సందులో తమరు పట్టలేదు. పోనీ ఒళ్లో పెట్టుకుంటానన్నాను. డ్రైవర్ తమర్ని ఒకసారి, నా ఒడిని ఒకసారి చూసి, ఇంకో సీటు తీసుకోమన్నాడు. తీసుకున్నాను. ఐదేళ్లలోపు పిల్లలకి రైల్లో టికెట్ అడగరు. తమరికి మాత్రం పెద్దవాళ్ల చార్జీ.

సరే, డబ్బు పోతే పోయింది. కిటికీ పక్కన తమరెందుకు కూర్చున్నట్టు? మధ్యలో పెడితే మలుపు తిరిగినప్పుడల్లా పక్కాయన మీదకి ఒరుగుతున్నారని, ఆయనే తమర్ని అటు జరిపాడు. దాదాపు వంద కిలోమీటర్ల ఘాట్ రోడ్డు. నోంగ్పో దగ్గర అనాసపళ్లు అమ్ముతున్నారట. ఉమియం సరస్సు వచ్చిందట. బండిలో అందరూ ఫోన్లు పైకెత్తితే నేనూ ఎత్తాను. రాత్రి చూసుకుంటే నా ఫొటోలో ఉన్నది తమరి భుజం పట్టీ. సరస్సు తమరు చూశారు. నేను తమర్ని చూశాను. దానికి రెండు టికెట్లు.

తప్పు నాదే లెండి. ఆరు నెలల ప్రయాణం అనగానే కొట్టువాడు తమర్ని కిందికి దించాడు. నెలకి పన్నెండు లీటర్ల చొప్పున లెక్కేశాడు కాబోలు. నేనూ బుర్రూపాను. ఆరు రోజులకైనా, ఆరు నెలలకైనా తొడుక్కునేది ఆ నాలుగు జతలే, ఉతుక్కుని ఆరేసుకోవడమే అని అప్పుడు తట్టలేదు. (షిల్లాంగ్ వానల్లో ఆరవు. అది వేరే గొడవ.) మా స్నేహితుడు 40 లీటర్ల సంచితో వచ్చాడు. 55×35×25 సెంటీమీటర్ల కొలతలో ఒదిగి, 7 కిలోలకి మించకుండా, విమానంలో వాడి నెత్తి మీదే ప్రయాణం చేసింది. తమరు ఖాళీగా ఉన్నప్పుడే రెండు కిలోల పైచిలుకు! శంషాబాద్‌లో తూకం 17 చూపించింది. 15 దాటిన ఆ రెండు కిలోలకి నేను కట్టింది తల్చుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది.

పైగా తమరు ఎల్ సైజు. చూడాల్సింది మనిషి పొడుగు కాదట, వీపు పొడుగట. మెడ కింద పొడుచుకొచ్చే ఎముక నుంచి నడుం ఎముక పై అంచు దాకా. నాది 43 సెంటీమీటర్లు, ఎల్ సైజుకి చాలదు. తమరి నడుం బెల్టు నడుం మీద కూర్చుంటే బరువు చాలావరకు తుంటి మోస్తుంది. అదేమో తొడల మీదకి జారుతుంది. మొత్తం భుజాలే మోస్తున్నాయి.

అసలు నీకు మర్యాదేంటి? ఒక్క మూత, అదీ పైన. రాత్రి రెండింటికి లుంగీ కావాలంటే నీ పేగులన్నీ బయటికి లాగాలి. వాన తొడుగు ఇచ్చావు, అది నీ అడుగున పెట్టాను, నా ఖర్మ.

అన్నిటికన్నా ఒళ్లు మండేది నీలోని ఖాళీ. బయల్దేరే ముందు రోజు నువ్వు సగమే నిండి నిలబడితే అమ్మ చూసింది. "ఇంకా బోలెడు చోటుందిగా" అంది. రెండు కిలోల బియ్యం, బుల్లి కరెంటు కుక్కరు, ఇంకో దుప్పటి, సీసాడు కందిపొడి. ప్రతిదానికీ ఒకటే మాట, "ఎందుకైనా మంచిది." 40 లీటర్ల సంచి అయితే "పట్టదమ్మా" అనేవాణ్ణి. నువ్వు ఆ ఒక్క మాటా అననివ్వలేదు.

పొద్దున పోస్టాఫీసుకి నడిచి దుప్పటి, జీన్స్, బూట్లు ఇంటికి పార్శిల్ చేశాను. ఐదు కిలోలు. కుక్కరు పంపలేదు. నిన్న రాత్రి వానకి బయటికెళ్లే వీల్లేక ఇంత అన్నం వండుకుని కందిపొడి కలుపుకుని తిన్నాను. నువ్వు మంచం మీంచి చూస్తూనే ఉన్నావు.

ఇందాక అమ్మకి ఫోన్ చేసి పార్శిల్ సంగతి చెప్పాను.

"అయితే ఇప్పుడు సంచిలో చోటు ఉన్నట్టేగా," అంది. "అక్కడికి పార్శిల్ ఎన్నాళ్లకి చేరుతుందిరా?"