కర్నూలు బీరు ధర్మాసనం

కర్నూలుకు న్యాయమూర్తులు బాకీ పడి ఉన్నారు. 1937 నాటి శ్రీబాగ్ ఒడంబడికలో రాజధానో హైకోర్టో ఏదో ఒకటి సీమకు అని పెద్దమనుషులు రాసుకున్నారు. 1953లో రాజధాని ఇచ్చారు. గుడారాల్లో ఆఫీసులు పెట్టుకుని మూడేళ్లు నెట్టుకొచ్చామో లేదో, 1956లో దాన్ని హైదరాబాదు బండి ఎక్కించారు. 2020లో న్యాయ రాజధాని మీదేనని ఏకంగా చట్టమే చేశారు. మరుసటేడాదే దాన్ని వెనక్కి తీసుకున్నారు. ఇప్పుడు బెంచి అంటున్నారు.

వచ్చేది ఎప్పుడొస్తుందో రానీ. ఈలోగా ఊళ్లో కనీసం బీరు న్యాయమూర్తులనైనా నియమించుకోవాలని ఈ వ్యాసకర్త సవినయంగా కోరుతున్నాడు. వేళాకోళం కాదు. అమెరికాలో 1985 నుంచీ బీరు జడ్జిలకు పరీక్ష పెట్టి సర్టిఫికెట్లు ఇచ్చే సంస్థ ఒకటి నడుస్తోంది. వాళ్ల స్కోరు షీటుకు మొత్తం 50 మార్కులు. వాసనకు 12, చూపుకు 3, రుచికి 20, నోట్లో తగిలే తీరుకు 5, అన్నీ కలిపి చూస్తే ఎలా ఉందన్నదానికి 10. చూపుకు మూడే మార్కులన్న సంగతి పెళ్లిచూపులకు వెళ్లేవాళ్లు ఒకసారి గమనించాలి.

ఎంత పాడు బీరుకైనా 13కు తగ్గకుండా వేయడం అక్కడి మర్యాద. ఈ మర్యాద కనిపెట్టినవాళ్లు 2019 నుంచి అయిదేళ్లపాటు మన ఊళ్లో కౌంటర్ ముందు నిలబడి ఉండరు. ఊరూపేరూ లేని సీసాలు తాగలేక తుంగభద్ర వంతెన దాటి తెలంగాణ గట్టున సేదదీరినవాళ్లు మనలో ఎందరో. అంతకుముందు 1995లో సంపూర్ణ మద్యనిషేధం చూశాం, 1997లో అది పోవడమూ చూశాం. ఇంత అనుభవమున్న ప్రజలకు వేరే పరీక్ష ఎందుకు? నేరుగా నియమించేయవచ్చు.

మొదటి కేసుగా ఒక క్రాఫ్ట్ పోర్టర్ మా ముందుకు వచ్చింది. అంటే పెద్ద కంపెనీ సరుకు కాదు, చిన్న బట్టీలో ఒళ్లు దగ్గర పెట్టుకుని కాచిన నల్ల బీరు. తెచ్చినవాడు బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే మేనల్లుడు. చెక్‌పోస్టు దాటి సీసాలు ఎలా వచ్చాయన్నది మా విచారణ పరిధిలో లేదు. వెంకటరమణ కాలనీలో ఒక మిద్దె మీద ధర్మాసనం కొలువుదీరింది. సభ్యులు రిటైరైన హెడ్‌మాస్టరు, ఎల్ఐసీ ఏజెంటు, ఈ వ్యాసకర్త.

మొదట్లోనే విధివిధానాల దగ్గర పేచీ వచ్చింది. బీరు విషయంలో ఇంతకాలం కర్నూలులో అమల్లో ఉన్న న్యాయశాస్త్రమంతా ఒక్క ప్రశ్నలో ఇమిడిపోతుంది. "కూలింగ్ ఉందా?" బ్రాండ్ తర్వాతి మాట. మేనల్లుడేమో పోర్టర్‌ను గడ్డకట్టించకూడదని, పది నుంచి పదమూడు డిగ్రీల మధ్య తాగాలని, లేకపోతే వాసన విచ్చుకోదని అడ్డం తిరిగాడు. ఏప్రిల్ నెలలో, పగలంతా కాలిన మిద్దె మీద, పదమూడు డిగ్రీలు! ఏజెంటు ఐసు ముక్క వేద్దామన్నాడు. దాన్ని కోర్టు ధిక్కారంగా పరిగణించి మందలించి వదిలేశాం.

జడ్జిలు సెంటు పూసుకోకూడదట, కారం తిని రాకూడదట. నోరు శుభ్రం చేసుకోవడానికి మధ్యమధ్యలో చప్పటి రొట్టె ముక్కేదైనా నమలాలట. రొట్టె బదులు బొరుగులు చాలు, కింద చెప్పి పంపాం. పైకి వచ్చేసరికి ఆ బొరుగులు నానబెట్టి, తిరగమోత పడి, పప్పుల పొడి చల్లుకుని, పక్కన మిరపకాయ బజ్జీలతో సహా ఉగ్గానై వచ్చాయి. కర్నూలులో చప్పటి బొరుగులను చప్పగానే ఉంచడం మనిషి వల్ల అయ్యే పని కాదు. వైన్ రుచి చూసేవాళ్లు ఉమ్మేస్తారు గానీ బీరు జడ్జిలు మింగాలి, చేదు గొంతు దిగాకే పూర్తిగా తెలుస్తుంది గనక. ఈ ఒక్క నిబంధనను మాత్రం సభ ఏకగ్రీవంగా ఆమోదించింది.

ఇక సాక్ష్యం. గ్లాసును వాలుగా పట్టుకుని పోశాడు. కటిక నలుపు అనుకున్నాం. బల్బుకు ఎదురుగా పెడితే అడుగున, అంచున ఎర్రటి జీర కనిపించింది. నురుగు తెల్లగా కాక లేత గోధుమరంగులో, రెండు వేళ్ల మందాన లేచింది. మన స్ట్రాంగ్ బీరు నురుగులా బుస్సుమని పొంగి చచ్చిపోకుండా మెల్లగా దిగుతూ, దిగిన ప్రతిచోటా గాజుకు ఒక వరస అంటించి పోయింది. చూపుకు మూడుకు మూడు వేసేశాం.

వాసన దగ్గరే అసలు వాదోపవాదాలు. మేనల్లుడు కళ్లు మూసుకుని, "డార్క్ చాక్లెట్, ఎస్ప్రెస్సో, టోస్టు" అన్నాడు. హెడ్‌మాస్టరు రెండుసార్లు ముక్కు పెట్టి చూసి, "మాడిన బుడ్డల పొట్టప్పా" అన్నారు. బుడ్డలంటే మా సీమలో వేరుశెనగలు. నిజం చెప్పాలంటే ఇద్దరిదీ ఒకే వాసన. గింజ ఏదైనా పెనం మీద నల్లబడేదాకా వేగితే వచ్చేది అదే. ఆ కబురు బెంగళూరు రేటులో చెబితే ప్రశంస అవుతుంది, మార్కెట్ యార్డు రేటులో చెబితే ఫిర్యాదు అవుతుంది. కాసేపటికి ఏజెంటు వెన్న వాసన పట్టి, సంతోషంగా ఒక మార్కు కలిపాడు. వెన్న వాసన రావడం దోషమట, బీరును పులియబెట్టే ఈస్టు తన పని పూర్తి చేయలేదని దానర్థమట, కోసేయాలట. వెన్నకు మార్కులు కోయమని చెప్పే శాస్త్రం సీమలో నిలబడుతుందని నాకు నమ్మకం లేదు.

పూర్వ తీర్పులేమైనా ఉన్నాయా అని హెడ్‌మాస్టరు అడిగారు. ఉన్నాయి. పోర్టర్ పద్దెనిమిదో శతాబ్దపు లండన్‌లో పుట్టింది. వీధుల్లో, థేమ్స్ ఒడ్డున బరువులు మోసే కూలీలు తెగ తాగడంతో వాళ్ల పేరే దానికి నిలిచింది. అమ్మకాలు పెరిగాక కల్తీ మొదలైంది. మత్తు ఎక్కువ ఎక్కాలని కొందరు అందులో కలిపింది మనదేశం నుంచి వెళ్లిన కాకమారి గింజలు, చేపలకు మత్తు పెట్టి పట్టడానికి వాడేవి. పోర్టర్ చరిత్రలో భారతదేశ సేవ ఇలా ఉంది. 1817లో డేనియల్ వీలర్ అనే ఆయన మాల్టును, అంటే మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీని, డ్రమ్ములో నల్లగా వేయించే పద్ధతికి పేటెంట్ తీసుకున్నాక రంగు కోసం తిప్పలు తప్పాయి.

అంతకు మూడేళ్ల ముందు, 1814 అక్టోబర్ 17న, లండన్‌లోని మ్యూ బ్రూవరీలో పోర్టర్ నిల్వ చేసిన పెద్ద పీపా పగిలింది. బీరు వరదై పక్కనున్న పేదల ఇళ్ల మీద పడింది. ఎనిమిది మంది చనిపోయారు. విచారణలో అది దురదృష్టవశాత్తూ జరిగిన ప్రమాదమని తేల్చేశారు. పోయిన బీరు మీద కట్టిన పన్నును కంపెనీకి తిరిగి ఇప్పించారు. ఇది విన్నాక ఏజెంటు చాలాసేపు మాట్లాడలేదు. అతని వృత్తికి సంబంధించిన ప్రశ్నలు అందులో చాలా ఉన్నాయి.

హెడ్‌మాస్టరు మాత్రం పాయింటు పట్టుకున్నారు. "ఇది హమాలీల బీరైనప్పుడు, వాళ్లలో ఒక్కరినీ పిలవకుండా విచారణ ఎట్ల జరుపుతారప్పా? కోర్టులో నిలబడుతుందా?" నిలబడదు. సహజ న్యాయసూత్రాలకే విరుద్ధం. మార్కెట్ యార్డులో పనిచేసే ఒక హమాలీ మేస్త్రీ పక్క సందులోనే ఉంటాడు. గౌరవంగా పిలిపించి కుర్చీ వేసి, గ్లాసు ఇచ్చి, స్కోరు షీటు చేతిలో పెట్టాం. మేము అప్పటికి వాసనకు 9, చూపుకు 3, రుచికి 14, నోటికి 4 వేసి, చివరి పది మార్కులు ఆయన కోసం ఖాళీగా ఉంచాం.

మేస్త్రీ కళ్లు మూసుకోలేదు, గ్లాసు తిప్పలేదు. సగం తాగి, మూతి తుడుచుకుని, "బాగుంది సారూ, చేదున్నా గొంతులో పట్టుకోలా. రేటెంత?" అన్నాడు.

మేనల్లుడు నసిగాడు. బెంగళూరు పబ్బులోనైతే గ్లాసు నాలుగొందలకు తక్కువ ఉండదన్నాడు.

మేస్త్రీ గ్లాసు కింద పెట్టి షీటును రెండు వైపులా తిప్పి చూశాడు. "మన గవర్నమెంటు పాలసీలో క్వార్టరు తొంభై తొమ్మిది. దీనికి నాలుగొస్తాయి. ఆ లెక్క రాసే గడి ఏదీ సారూ ఇందులో?"

వెతికాం. వాసనకుంది, నురుగుకుంది, రంగుకుంది, నాలుక మీద తగిలే బరువుకు కూడా ఉంది. ధరకు గడి లేదు. ధర్మాసనం తన మొట్టమొదటి ఉత్తర్వుగా, స్కోరు షీటులో రేటుకు ఇరవై మార్కులు కేటాయించాలని అమెరికాలోని పై సంస్థకు అర్జీ పెట్టాలని తీర్మానించింది. ఇంగ్లీషులో ముసాయిదా హెడ్‌మాస్టరుగారు రాస్తున్నారు. చివరి పది మార్కుల గడి ఇంకా ఖాళీగానే ఉంది. రేటు తగ్గించాక పిలిస్తే వచ్చి వేసిపోతానని చెప్పి, మేస్త్రీ రెండు బజ్జీలు తీసుకుని వెళ్లాడు.