పదిహేను వాట్ల ధర్మసందేహం

విశాఖపట్నానికి మెట్రో ఎప్పుడొస్తుంది, ఉక్కు ఫ్యాక్టరీ ఏమవుతుంది, సముద్రం బీచ్ రోడ్డుని ఎంతవరకు కోసుకుపోతుంది అని ఆలోచించేవాళ్ళు ఊళ్ళో బోలెడుమంది ఉన్నారు. బేస్ గిటార్‌కి ఎన్ని వాట్ల ట్యూబ్ యాంప్ (పాత రేడియోల్లోలాంటి గాజు వాల్వులతో చప్పుడు పెంచే పెట్టె) కావాలన్న సంగతి మాత్రం ఎవరికీ పట్టలేదు. ఎం.వి.పి. కాలనీలో నాలుగో అంతస్తు ఫ్లాటులో కాపురం ఉంటూ ఆ బరువు నేనొక్కణ్ణే మోస్తున్నాను. బరువు అని ఊరికే అనలేదు. దాని సంగతి తర్వాత చెప్తాను.

ముందు బేస్ వాయించేవాడి బతుకు గురించి నాలుగు ముక్కలు. రిసెప్షన్‌లో మా బృందం వాయిస్తే, పాడిన అమ్మాయిని మెచ్చుకుంటారు. డ్రమ్స్ కుర్రాడితో సెల్ఫీ దిగుతారు. కీబోర్డాయన చేతిలో పెళ్ళికొడుకు మేనమామ ఐదొందల నోటు పెడతాడు. నా దగ్గరికొచ్చి, "మీ గిటారుకి రెండు తీగలు తెగిపోయినట్టున్నాయండీ" అంటారు. దీనికి నాలుగే ఉంటాయండీ అని ఇరవయ్యేళ్ళుగా చెబుతున్నాను. పులిహోరలో ఇంగువ లాంటిది మా పని. వేసినప్పుడు ఎవడూ పేరెత్తడు, మరిచిపోయిన రోజునే గుర్తొస్తుంది.

ఈ రోగానికి ట్యూబ్ యాంపే మందని చెప్పినవాడు మా గిటారిస్టు. "ట్యూబులోంచి వచ్చే బేసు చెవికి కాదు గురూ, పొట్టకి వినపడుతుంది" అన్నాడు. 15 వాట్ల ట్యూబ్ యాంప్‌తో రెండు వీధులకి నిద్ర లేకుండా చేసిన అనుభవజ్ఞుడు కదా, నమ్మాను. మొదటి గోతిలో అక్కడే పడ్డాను. గిటారుకి 15 వాట్లంటే దండోరా. బేసుకి గుసగుస. మా లావు తీగ సెకనుకి 41 సార్లే ఊగుతుంది. అంత కింది స్వరాన్ని మనిషి చెవి చిన్నచూపు చూస్తుంది. దానికి ఆనాలంటే బోలెడంత గాలిని నెట్టాలి, నెట్టడానికి వాట్లు పొయ్యాలి. డ్రమ్స్ కుర్రాడు కాస్త హుషారుగా ఉన్న రోజున, 15 వాట్ల బేసు మోగుతోందో లేదో తెలియాలంటే స్పీకరు మీద చెయ్యి వేసి చూడాలి, జ్వరం చూసినట్టు.

"ట్యూబు వాట్లు వేరు గురూ, పదిహేనంటే మామూలు యాభైతో సమానం" అని కూడా అన్నాడు. జేమ్స్ వాట్ మహాశయుడు ఆవిరి యంత్రంతో నానా తంటాలూ పడ్డాడు గానీ, ట్యూబుకో రకం వాటు, ట్రాన్సిస్టరుకో రకం వాటు అని పెట్టి పోలేదు. అసలు సంగతేమిటంటే, తాహతుకి మించి తోసినప్పుడు ట్రాన్సిస్టర్ ఒక్కసారిగా బరబరమంటుంది. ట్యూబు మెల్లమెల్లగా నలుగుతుంది. ఆ నలిగిన చప్పుడు చెవికి ఇంపుగా ఉంటుంది కాబట్టి మనం సిగ్గు లేకుండా ఇంకో రెండు గీతలు పెంచుతాం. అంతకుమించి మాయేం లేదు.

ఇంకో దారుణం చెప్తాను. వాట్లు రెట్టింపు చేస్తే పెరిగేది 3 డెసిబెల్స్. చెవికి రెట్టింపు అనిపించాలంటే దాదాపు పది రెట్ల వాట్లు కావాలి. అంటే 50 వాట్లవాడు 100 వాట్లవాణ్ణి చూసి కుళ్ళిపోయేది ఆ మూడింటి కోసమే. సెన్సిటివిటీ, అంటే అవే వాట్లకి ఎక్కువ మోగే గుణం, 3 డెసిబెల్స్ ఎక్కువున్న స్పీకరు కొనుక్కుంటే అవే మూడూ వచ్చేస్తాయి. ఈ మాట ఎవరికి చెప్పినా మొహం ముడుచుకుంటారు. నిజమే, నల్లటి స్పీకరు డబ్బాని ఫొటో తీసి స్టేటస్‌లో పెడితే ఏం బాగుంటుంది? ట్యూబులైతే చీకట్లో దీపారాధన చేసినట్టు వెలుగుతాయి.

ఇక బరువు. ట్యూబులకీ స్పీకరుకీ మధ్య అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ ఒకటి ఉంటుంది. స్వరం కిందికి దిగేకొద్దీ అందులో ఇనుము పెరగాలి. అందుకే అదే వాట్లున్న గిటారు యాంప్ కన్నా మాది బరువు. 1969లో వచ్చిన ఆంపెగ్ ఎస్.వి.టి. అని ఒక మహాకాయం ఉంది. 300 వాట్లు, 14 ట్యూబులు, స్పీకర్లు కలపకుండా తలకాయ ఒక్కటే 38 కిలోల పైచిలుకు. ఉక్కు నగరంలో బతికేవాణ్ణి, ఇనుమంటే భయం లేదు. మా లిఫ్టుకి ఉంది. కాబట్టి తక్కువ వాట్లే శ్రేష్ఠమన్న నా సిద్ధాంతం సంగీతంలోంచి కాదు, నడుములోంచి పుట్టింది.

ఆ సిద్ధాంతానికి అండ వెతుక్కుంటే అదే కంపెనీది 1960 నాటి బి-15 దొరికింది. 25 వాట్లు, ఒకే ఒక్క 15 అంగుళాల స్పీకరు. ఒక్క చూపుడు వేలితో బేస్ మీటి లోకాన్ని ఊపేసిన జేమ్స్ జేమర్సన్ వాయించిన యాంప్. ఆయనంతటివాడికి 25 సరిపోతే నాకు సరిపోదా? తీరా ఆరా తీస్తే, డెట్రాయిట్‌లోని మోటౌన్ స్టూడియోలో ఆయన బేసు చాలావరకు యాంప్‌తో పని లేకుండా నేరుగా మిక్సింగ్ బోర్డులోకే పోయిందట. ఈ విషయం మా ఇంట్లో ఇంకా చెప్పలేదు.

చివరికి వాడేసిన 30 వాట్ల హెడ్ ఒకటి అమెరికాలో ఉన్న మేనల్లుడి చేత తెప్పించాను. రెండు సూట్‌కేసుల్లో ఒకటి దానికే ఇచ్చేశాడు పాపం. మా అక్కకి రావలసిన బాదంపప్పు, చాక్లెట్లు రాలేదు. ఆవిడ మాటలు మానేసి మూడు నెలలైంది. తీరా వచ్చింది అక్కడి 120 వోల్టుల మనిషి, మన గోడలో ఉన్నవి 230. దానికో స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్. మళ్ళీ ఇనుమే.

వారం తిరక్కుండా సముద్రపు గాలి కూడా తన వాటా తీసుకుంది. కిటికీ గ్రిల్లునే వదలని ఉప్పుగాలి ట్యూబు సాకెట్లని వదులుతుందా? పకోడీలు వేయించినట్టు చిటపట మొదలైంది. పూర్ణా మార్కెట్ వైపు, ఒకప్పుడు వాల్వ్ రేడియోలు బాగుచేసిన పెద్దాయన ఇంకా ఉన్నాడంటే ఆటోలో పట్టుకెళ్ళాను. ఎడమ చెయ్యి లుంగీ మడతలో దోపుకుని, కుడి చేత్తో మాత్రమే లోపల తడిమాడు. ప్లగ్గు పీకేసినా కెపాసిటర్లలో నాలుగొందల వోల్టులు కాచుకుని ఉంటాయి, రెండు చేతులూ పెడితే గుండె మీదుగా దారి ఇచ్చినట్టేనట. బెంగళూరులో భారత్ ఎలక్ట్రానిక్స్ వాళ్ళు వాల్వులు చేసిన రోజుల్ని కాసేపు తలుచుకుని, సాకెట్లు తుడిచి, "ఇంతేనా బాబూ, ఇది రేడియోయే. టేసన్లు లేవు, అంతే" అన్నాడు. యాంప్ మీద ఇంతకన్నా మంచి సమీక్ష నేను చదవలేదు.

కానీ వాయించేదెక్కడ? 2000లో వచ్చిన శబ్ద కాలుష్య నియమాల ప్రకారం ఇళ్ళుండే చోట పగలు 55 డెసిబెల్స్, రాత్రి పది దాటితే 45. ఈ లెక్కన మా వంటింట్లో కుక్కరు కూడా నేరస్తురాలే. ట్యూబు తియ్యగా నలగాలంటే గట్టిగా తొయ్యాలి, తోస్తే అసోసియేషన్ సెక్రటరీ వస్తాడు. సింహాద్రి అప్పన్న వైశాఖ తదియనాడు ఒక్కరోజైనా నిజరూప దర్శనమిస్తాడు. అపార్ట్‌మెంటులో ట్యూబ్ యాంప్‌కి ఆ ఒక్కరోజూ లేదు. "హెడ్‌ఫోన్స్ పెట్టుకోవచ్చుగా" అంటారు. మా దానికి ఆ సాకెట్టే లేదు. స్పీకరు తీసేసి వాయిస్తే ఆ ఇనుప దేవుడు, అదే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్, మాడిపోయే ప్రమాదం.

పోనీ స్టేజి మీద విజృంభిద్దామని మొన్న ఒక ఫంక్షన్ హాలుకి ముగ్గురం మోసుకెళ్ళాం. సౌండ్ కుర్రాడు యాంప్ వైపు కన్నెత్తైనా చూడలేదు. నా గిటారు వైరు పీకి, అరచేతిలో పట్టే డీఐ బాక్సుకి తగిలించి, అటునుంచి అటే మిక్సర్‌కి లాక్కుపోయాడు. దాని మీంచే ఒక పాయ నాకూ వదిలాడనుకోండి. జనం విన్నది వాడి డబ్బా, నేను విన్నది నా యాంప్. "వెనకాల వెలుగుతున్నది రూమ్ హీటరాండీ?" అని క్యాటరింగ్ ఆయన అడిగాడు.

మర్నాడు సాయంత్రం, పది కాకముందే, తలుపులన్నీ వేసుకుని ఇంట్లో ఓ అరగంట వాయించుకున్నాను. వాల్యూమ్ సగం దాటించాను, ఒప్పుకుంటున్నాను. ఆపగానే బెల్లు మోగింది. కింది ఫ్లాటు మామ్మగారు. క్షమాపణ నాలిక చివర పెట్టుకుని తలుపు తీశాను.

"ఏటి నాయనా అది? మా స్టాండులో స్టీలు గ్లాసులు గజగజలాడిపోయాయి."

"తప్పైపోయిందండీ, ఇంకెప్పుడూ..."

"అది కాదు. పాట మొదట్లో రెండుసార్లు ఆడాయి. మూడోసారి అదే చోటుకి వచ్చేసరికి ఆడలేదు. తప్పు మీటేవా?"

జి పడాల్సిన చోట ఎఫ్ షార్ప్ పడింది. బృందంలో ఒక్కడూ ఇరవయ్యేళ్ళలో పట్టుకోని తప్పు.

"అవునండీ."

"అదే అనుకున్నాను" అని మెట్లు దిగుతూ, "రేపూ ఉంటే చెప్పు, గ్లాసులు తీసి కింద పెట్టుకుంటాను" అన్నారు.

వెనకాలే మూడో అంతస్తు దాకా దిగి, గ్లాసులు మాత్రం స్టాండులోంచి తియ్యొద్దని బతిమాలుకున్నాను.