పాలు తాగినంత మాత్రాన ఎవరూ ఆండ్రీ అయిపోరు

ఈ వారం ఏ గ్రూపు తెరిచినా అదే నలుపు తెలుపు వీడియో. 1960ల నాటి ఫ్రాన్స్‌లో హెవీవెయిట్ కుస్తీ. కుర్రవాడుగా ఉన్న ఫ్రెంచి భారీకాయ కుస్తీవీరుడు ఆండ్రీ ది జెయింట్ ఇంకో భారీ మనిషిని ఇటూ అటూ విసురుతుంటాడు. ఆ రెండోవాడి పేరు రాయాలని ఎవరికీ తోచలేదు. కింద మాత్రం ఐదు ముక్కలు రాశారు: ఆండ్రీని రోజూ బడికి దింపింది నోబెల్ రచయిత బెకెట్, అమెరికా కుస్తీవీరుడు హల్క్ హోగన్ దాకా అతన్ని ఓడించినవాడు లేడు, ఆ కాలంలో నటన లేదు, అంతా నిజం పోరే, అంత మనిషి అయింది పొలం పని, పాలు, గుడ్ల వల్లే, మీ పిల్లలకూ పెట్టండి, ఇప్పటి కుస్తీ కన్నా అదే మేలు. చివర దండాలు, కండల బొమ్మలు.

బెకెట్ సంగతిలో కాస్త నిజముంది. ఆయనకు ఆండ్రీ ఊరి దగ్గర్లోనే పల్లెటూరి ఇల్లుండేది, ఊరి పిల్లల్ని అప్పుడప్పుడు బండెక్కించుకునేవాడంటారు. ఈ మెసేజ్ ఆయనకు ఏకంగా స్కూలు ఆటో డ్రైవరు ఉద్యోగం ఇచ్చేసింది. పోనీలెండి.

ఓటమే ఎరగడన్నది 1987లో అతను హోగన్‌తో తలపడ్డ అమెరికా కుస్తీ ప్రదర్శన రెసిల్‌మేనియా టికెట్లు అమ్మడానికి అల్లిన కథ. 1984లో మెక్సికోలో కానెక్ చేతిలో ఓడాడు. 1986 జూన్‌లో జపాన్‌లో ఇనోకీ పట్టుకు లొంగిపోయాడు. హోగన్ 1987లోనే అతన్ని మొదటిసారి ఎత్తి పడేశాడంటారా, ఆ పని హోగనే 1980లో ఒకసారి చేశాడు.

ఇక నటన లేదట! ఫ్రెంచివాళ్ళు దాన్ని ‘కాచ్’ అంటారు. అది ముందే కుదుర్చుకున్న ఆట అని టికెట్ కొన్నవాడికి తెలుసు, ముందు వరసలో కూర్చుని గొడుగు ఊపుతూ తిట్టే అవ్వకూ తెలుసు. ఫ్రెంచి విమర్శకుడు రోలాఁ బార్త్ 1950లలోనే దీని మీద వ్యాసం రాశాడు: ఇది ఆట కాదు, ప్రదర్శన, మ్యాచ్ ముందే కుదిరిందా లేదా అన్నది జనానికి పట్టదు అని. అప్పటి పేరుమోసిన దుష్టపాత్రల్లో ఒకడు రోజే దెలపోర్త్. జనం ఛీకొట్టిన ఆ మనిషే పోటీలు ఏర్పాటు చేసేవాడు, పారిస్‌లో ఎలిజే మోంమార్త్ హాలు నడిపిందీ అతనే. తిట్టడానికి మనం కొన్న టికెట్ డబ్బు తిట్లు తిన్నవాడి గల్లాపెట్టెలోకే! ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి? అయితే దెబ్బలు ఉత్తుత్తివి కావు. వీడియోలో ‘ఫట్’మని వినిపించే ముంజేతి దెబ్బ, అక్కడి భాషలో ‘మాంషెట్’, ఛాతీ మీద తగిలితే కందిపోతుంది.

ఇప్పుడు నాకు ఒళ్ళు మండిన ముక్క దగ్గరికి వద్దాం. పాలు, గుడ్లు, పొలం పని. ఆండ్రీ తోడబుట్టినవాళ్ళూ అదే ఇంట్లో అదే తిండి తిన్నారు, మామూలు ఎత్తే పెరిగారు. అతనికున్నది జబ్బు. మెదడు కింద బఠాణీ గింజంత పిట్యూటరీ గ్రంథిలో కణితి లేచి ఎదుగుదల హార్మోన్‌ను ఆపకుండా వదులుతుంది. ఎముకల ఎదుగుదల ఆగకముందే వస్తే మనిషి తాడిలా పెరుగుతాడు. ఆగాక వస్తే చేతులు, పాదాలు, దవడ లావెక్కుతాయి, కీళ్ళు అరుగుతాయి, గుండె ఉబ్బుతుంది. ఆండ్రీ వైద్యం వద్దన్నాడు. 1986లో వెన్నుకు ఆపరేషన్ జరిగింది. తండ్రి అంత్యక్రియలకని పారిస్ వెళ్ళి, 1993 జనవరిలో అక్కడి హోటల్ గదిలో నిద్రలోనే పోయాడు. వయసు 46. మీరు పిల్లలకు ఆదర్శంగా పెట్టమంటున్న ఒళ్ళు ఇదీ!

ఈ మెసేజ్ చూసి పొడుగు పెంచే పౌడరు డబ్బా ఎక్కడ దొరుకుతుందని మా గ్రూపులో ఒక పెద్దావిడ అడిగారు కూడా. అత్తయ్యగారూ, ఆ డబ్బు దాచుకోండి. పిల్లాడు తోటివాళ్ళను దాటి విపరీతంగా పొడుగైపోతున్నా, పెద్దవాళ్ళకు ఏటేటా ఉంగరం బిగుసుకుని చెప్పుల సైజు పెరుగుతున్నా, పళ్ళ మధ్య సందులు పడి తలనొప్పి వదలకపోయినా హార్మోన్ల డాక్టరు దగ్గరికి వెళ్ళండి. రక్తపరీక్ష, స్కాన్‌తో తేలిపోతుంది. కణితిని ముక్కులోంచే తీస్తారు, ఇంజెక్షన్లూ ఉన్నాయి. మన గ్రేట్ ఖలీకి 2012లో ఆ కణితే తీశారు, నిక్షేపంగా ఉన్నాడు. ఖలీ వీడియో కింద కూడా పాలూ గుడ్లూ అనే రాస్తారేమో, మీ ఓపిక!

చివరి ముక్క, ఇప్పటి కుస్తీ కన్నా అదే మేలన్నది. దీనికి మాత్రం ఒప్పుకుంటున్నాను. మన కేబుల్ టీవీలో చూసిన ఆండ్రీ తాడు పట్టుకుని కష్టంగా నిలబడేవాడు. ఫ్రాన్స్‌లో జెయాఁ ఫెర్రే పేరుతో ఆడిన ఆ ఇరవై ఏళ్ళ కుర్రాడు పరిగెత్తుతాడు, ఎగురుతాడు, గాల్లోకి లేచి రెండు కాళ్ళతో తంతాడు. కెమెరా కూడా నిమిషానికి పదిసార్లు అటూ ఇటూ గెంతకుండా దూరంగా కుదురుగా నిలబడుతుంది కాబట్టి ఎవడు ఎవడికి సాయపడి లేస్తున్నాడో తేటగా కనిపిస్తుంది. ఆ ఎదుటివాడి పేరు తెలిసినవాళ్ళెవరైనా ఉంటే, అది రాసి పంపండి.