గ్యాస్ స్ట్రట్ల వ్యాసానికి సవరణ

బానెట్‌ను, డిక్కీ తలుపును ఎత్తి పట్టే గ్యాస్ స్ట్రట్ల గురించి ఇదివరకు రాసిన వ్యాసంలో, స్ట్రట్ సిలిండర్‌లోకి జారే రాడ్‌కు అప్పుడప్పుడు గ్రీజు పూయాలని, చలికాలం ఉదయాన తలుపు నెమ్మదిగా లేస్తే స్ట్రట్ పాడైనట్టేనని ఉంది. ఈ రెండు మాటలనూ సవరించి చదువుకోవాలి.

రాడ్‌కు గ్రీజు అక్కర లేదు. సిలిండర్‌లో అధిక పీడనంతో నింపిన నైట్రోజన్‌తో పాటు కొద్దిగా నూనె ఉంటుంది. తలుపు మూసినప్పుడు రాడ్ కిందివైపుకు ఉండేలా బిగిస్తే గ్యాస్ బయటికి పోకుండా రాడ్ చుట్టూ ఉండే సీలును ఆ నూనే తడిగా ఉంచుతుంది. పైన పూసిన గ్రీజు మాత్రం దుమ్మును పట్టేస్తుంది. కరీంనగర్ గ్రానైట్ క్వారీల దారుల్లో తిరిగే బండ్లకు ఇది మరీ చేటు: రాతిపొడి రాడ్ నునుపును గీస్తే, ఆ గీతలకు సీలు తెగి గ్యాస్ కారిపోతుంది. పొడి మెత్తని గుడ్డతో తుడిస్తే చాలు.

ఇక చలి సంగతి. వరంగల్‌లో మే ఎండకు 45 డిగ్రీలు, జనవరి తెల్లవారుజామున 15 డిగ్రీలు అనుకుంటే, లోపలి పీడనం, దానితో పాటు ఎత్తే బలం సుమారు 10 శాతం తగ్గడం సహజమే. మధ్యాహ్నపు వేడిలోనూ తలుపు నిలవక జారుతుంటేనో, రాడ్ సిలిండర్‌లోకి దూరే చోట నూనె చెమ్మ కనిపిస్తేనో మార్చాలి.

ఖర్చు తగ్గుతుందని రెండు వైపుల స్ట్రట్లలో ఒక్కటే మార్చమని అడిగేవారున్నారు గానీ, తలుపు ఒకవైపుకు మెలిపడుతుంది కనుక రెండూ కలిపే మార్చాలి. కొత్త సిలిండర్ మీద న్యూటన్లలో ఉన్న బలం అంకె పాతదానితో సరిపోవాలి. తలుపుకు గట్టి ఊతమిచ్చాకే, స్ట్రట్ చివరను పట్టి ఉంచే బాల్ జాయింట్ క్లిప్పును చిన్న స్క్రూడ్రైవర్‌తో పూర్తిగా ఊడకుండా కొద్దిగా లేపాలి. పాతదాన్ని కోయకూడదు, వేడి చేయకూడదు. తుక్కు కొట్టులో ఇచ్చేటప్పుడు లోపల ఇంకా పీడనం ఉందని చెప్పి ఇవ్వాలి.